ఊఁ కొట్టేవాడు కావాలి

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఏడు కొండలు దాటిన వీరవనిత ఉంది, దొంగలున్నారు, ఇల్లు మరవని ఎద్దులున్నాయి, వానలో నిలబడి కథ విన్న జనం ఉన్నారు.

అంత లేదు. వీరవనిత, దొంగలు, ఎద్దులు ఒక పెద్దాయన చెప్పే కథలోవి. జనం ఉన్న మాట నిజమే కానీ వాళ్లు వచ్చింది యూరియా కోసం. నా వంతుకు మిగిలింది ఒక ఫ్యాను, కొన్ని చాపలు, ఒక బ్యానరు.

రైతుల ఊళ్లలో పాత కళలు నిలబెట్టాలని పనిచేసే ఒక సంస్థ నన్ను గరివిడి దగ్గరి ఊరికి పంపింది. సాయంత్రం పూట సామాజిక భవనంలో జముకుల కథ నేర్పించే ఏర్పాటు చూడాలి. జముకు అంటే చిన్న ఇత్తడి కుంచం లాంటిది. ఒక వైపు తోలు బిగించి, మధ్యలోంచి తీగ లాగి ఉంటుంది. చంకలో ఇరికించుకుని తీగ మీటితే గుమ్ముగుమ్ముమని కడుపులోంచి వచ్చినట్టు మోగుతుంది. నేర్పడానికి పెద్దాయన ఉన్నాడు. నేర్చుకోవడానికే ఎవరూ లేరు. మొదట్లో ఇద్దరు వచ్చేవారు, ఫ్యాను కింద పడుకోవడానికి. ఫ్యాను పాడయ్యాక వాళ్లూ మానేశారు.

"ఉడుపులయ్యాక వస్తార్లే బాబూ" అనేవాడు పెద్దాయన. ఉడుపులంటే నాట్లు. అవీ అయ్యాయి. "కలుపు తీసీనాక వస్తారు." మాదీ శ్రీకూర్మం వైపు సాగు చేసుకునే ఇల్లే. అయినా వరికి ఇన్ని దశలుంటాయని అప్పుడే తెలిసింది.

నా గది ఎరువుల దుకాణం మీద. బట్టలకు, దిండుకు, అన్నానికి ఒకటే వాసన. రోజు మొత్తంలో నన్ను పలకరించేది కింద దుకాణం అతనే. "తిన్నావేటి తమ్ముడూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయేవాడు. ఆ ప్రశ్న మీదే చాలా రోజులు బతికాను. ఒకసారి "లేదు, తినలేదు" అని చూశాను. "మంచిది, మంచిది" అన్నాడు లోపలినుంచి.

పెద్దాయన రోజూ ఖాళీ హాలుకు వచ్చి, జముకు శ్రుతి చేసుకుని, కాసేపు గుమ్మం వైపు చూసి, గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి వెళ్లిపోయేవాడు. కథ మాత్రం ఎత్తుకునేవాడు కాదు. ఎందుకని అడిగితే చెప్పాడు.

ఆ కథ ఒక్కడు చెప్పేది కాదు. పక్కన వంత ఉండాలి. మాటమాటకీ ఊఁ కొట్టాలి, ఏడుపు ముదిరితే ఒక హాస్యం విసరాలి. ఆయన వంత ఆయన చెల్లెలి మొగుడే. బావా అంటే బావా అనుకుంటూ ఇద్దరూ కళ్ళాల్లో, జాతర్లలో ఎన్నో ఏళ్లు చెప్పారు. ఆ బావ సాలూరు వెళ్లిపోయి లారీల షెడ్డులో కాపలా పనికి కుదురుకున్నాడు. అప్పటినుంచి కథ మంగళం దాకా వెళ్లలేదు.

"మొదలెట్టిన కథకి మంగళం పాడకపోతే నాకు అన్నం సయించదు బాబూ. అందుకే మొదలెట్టడం మానీసినాను" అన్నాడు. మనిషి ఎంత తెలివిగా ఒంటరివాడు కావచ్చో అప్పుడు అర్థమైంది.

అలాంటి మనిషి చేత మొదలెట్టించింది మా సంస్థే. కథ మొత్తం రికార్డు చేయాలని విశాఖ నుంచి ఒకతన్ని పంపారు. అతను మైకులు పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గోడకు 'నిశ్శబ్దం' అని కాగితం అంటించాడు. ఆ హాల్లో నిశ్శబ్దానికి కాగితం దండగ.

పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. కథ చెప్పినంతసేపూ ఆయన కళ్లు తెరవడు. తీగ మీటి, "అనగా ఒక రైతు, ఆ రైతుకొక కూతురూ..." అన్నాడు. ఆగాడు. ఆగే ఉన్నాడు.

"ఏమైంది?" అన్నాడు రికార్డింగు అతను.

"ఊఁ అనేవోడేడి?"

"ఊఁ అక్కర్లేదండీ, మైకులో పడుతుంది. మీరు చెప్పండి, మేం వింటున్నాం."

"ఇంటన్నారని నాకెలగ తెలుస్తాది?"

"ఇదిగో, ఇతను తల ఊపుతాడు" అని నన్ను చూపించాడు.

నేను శ్రద్ధగా తల ఊపాను. కళ్లు మూసుకున్న మనిషి ముందు ఎంత ఊపితే ఏం లాభం? సంస్థలో నా ఉద్యోగమంతా దాదాపు అదే.

చివరికి నాకో ఆలోచన వచ్చి సాలూరులో బావకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, చాప మీద ఉంచాను. రికార్డింగు అతను హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. ఆశ వదులుకున్నవాడు అలాగే వేసుకుంటాడు.

"ఏటి బావా, మళ్లీ ఎత్తుకున్నావా?" అంది ఫోను.

"ఎత్తుకున్నాను. ఊఁ కొట్టు."

"నువ్వు సెప్పు, నాను కొడతాను. జీతం ఎవులిస్తారు?"

"మా సెల్లి ఇస్తాది."

"అయితే సచ్చినా రాదు."

కథ కదిలింది. రైతు కాడెద్దుల్ని దొంగలు తోలుకుపోయారు. కూతురు వాటిని వెతుక్కుంటూ కొండలెక్కింది. ప్రతి మాటకీ సాలూరు నుంచి ఊఁ వచ్చేది, సిగ్నలు వల్ల కాస్త ఆలస్యంగా, వెనకాల హారన్లతో. ఏడో కొండ మీద ఆమె ఏడుస్తుంటే ఫోను అంది: "బావా, ఏడుపు సాలు, ఎద్దులు ఆకలిమీదున్నాయి." పెద్దాయన ముఖం వెలిగింది. అంతకుముందు ఆ ముఖం అలా ఉండగలదని నాకు తెలియదు.

ఆమె ఎద్దుల్ని విడిపించి తిరుగుదారి పట్టింది. అప్పుడు ఫోను, "ఉండు బావా, లారీ వచ్చినాది, గేటు తీసొస్తాను" అంది.

ఇక రాలేదు. ఇంజన్లు, ఎవరివో కేకలు, తర్వాత ఏమీ లేదు. పెద్దాయన కళ్లు మూసుకునే తీగ మీద వేలుంచి ఎదురుచూస్తున్నాడు. ఈ జిల్లాలో కథలకు శత్రువు రాక్షసుడు కాదు, లారీ.

నేను "ఊఁ" అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. "నీ ఊఁలో ఎటకారం ఉన్నాది బాబూ."

మళ్లీ అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "అది విన్నోడి ఊఁ కాదు. 'ఊఁ, సూసేం లే' అన్నోడి ఊఁ." జముకు గుడ్డలో చుట్టేశాడు. రికార్డింగు అతను "శాంపిలుకి ఇది చాల్లెండి" అని బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పెద్దాయన హాలుకు రాలేదు. ఇంటికి వెళ్తే కోడలు, "కంచం ముందు కూకుని లెగిసిపోతన్నాడు బాబూ, ఏటి మందెట్టీసినారు మా మావకి?" అంది. సాలూరు ఫోను చేస్తే బావకు రాత్రీ పగలూ డ్యూటీ, మాట పూర్తికాకముందే గేటు.

నేను గదిలో ఊఁ సాధన మొదలుపెట్టాను. గడ్డం గీసుకుంటూ ఊఁ, అన్నం వండుకుంటూ ఊఁ. ఏ ఊఁ అన్నా నవ్వొస్తున్నట్టే ఉండేది. ఎదుట చెప్పేవాడు లేకుండా ఊఁ అనడం తలుపు లేని చోట తలుపు తట్టడం లాంటిది. కింది నుంచి దుకాణం అతను "ఏటి తమ్ముడూ, కడుపు నొప్పా?" అన్నాడు. ఈసారి మాత్రం జవాబు కోసం ఆగాడు. "ఊఁ" అన్నాను.

ఒక పొద్దున తుంపర పడుతుండగా కింద సందడి వినిపించింది. యూరియా వస్తుందని కబురు. చెప్పులు వరసలో పెట్టి, జనం చూరు కింద నిలబడ్డారు. పెద్దాయన కూడా తన చెప్పులు వరసలో వదిలి నా మెట్ల మీద కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు.

జముకు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "మిగిలింది చెప్పండి."

"ఊఁ కొడతావా, ఎక్కిరిస్తావా?"

"ఆమె ఇల్లు చేరిందో లేదో నాకూ తెలియాలి కదా."

ఆయన జముకు చంకలో ఇరికించుకుని కళ్లు మూసుకున్నాడు. తీగ మోగింది. ఆమె తిరిగి వస్తోంది. దారిలో ఏళ్లు గడిచిపోయాయి. నేను ఊఁ అన్నాను. వరసలో ఒక ముసలమ్మ ఊఁ అంది. ఆ పక్కనున్నాయన, "ఈ కథ మా కళ్ళంలో సెప్పీవోడు కదే" అని తనూ అందుకున్నాడు. నా ఊఁ వాళ్ల ఊఁల్లో కలిసిపోయింది. వచ్చిన ఇన్నాళ్లలో ఆ ఊళ్లో నేను దేనిలోనైనా కలిసింది అప్పుడే.

అప్పుడు లారీ వచ్చింది.

జనం ఒక్క క్షణంలో ఎవరి చెప్పుల్లోకి వాళ్లు దూరిపోయారు. పెద్దాయన కళ్లు తెరవలేదు. "అంతట ఆ పిల్ల ఊరు సేరినాదీ..." అన్నాడు.

"ఊఁ" అన్నాను.

ఆయన ఆగలేదు. ఆమెను ఊళ్లో ఎవరూ గుర్తుపట్టలేదు. ఎద్దులు మాత్రం వాకిలి గుర్తుపట్టి తిన్నగా పోయి పాత గుంజ దగ్గర నిలబడ్డాయి. ఆమె వాటిని కట్టేసి, గడ్డి వేసి, తన ఇంటి తలుపు తనే తట్టింది. లోపలినుంచి "ఎవులూ?" అన్నారు.

"ఊఁ."

మంగళం పాడాడు. కళ్లు తెరిచి చుట్టూ చూశాడు. "ఏరీ?"

"లారీ వచ్చింది."

"మరి సెప్పవేటి!"

"కథ మధ్యలో ఎలా చెప్తాను?"

"యూరియా అయిపోతాది కదరా బాబూ!" అని జముకు నా ఒళ్లో పడేసి పరుగెత్తాడు. వరస చివర ఆయన చెప్పులొక్కటే తడుస్తున్నాయి.

ఒక బస్తా దొరికింది. నేనే భుజాన వేసుకుని గట్టు దాకా మోశాను. ఆ పూట రెండోసారి వడ్డించుకున్నాడని కోడలు తర్వాత చెప్పింది.

యాభై కిలోలు మోశాననుకునేరు, అంత లేదు. యూరియా బస్తా ఇప్పుడు నలభై ఐదే.