పెన్న నడుమ బండ మీద మేము ముగ్గురం

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా నాన్న మగ్గం ఆపి మరీ నవ్వేవాడు. ఆ నవ్వు వింటూ పెరిగినదాన్ని నేను. పెళ్లికి ముందు నూలు తేవడానికి శ్మశానం పక్క దారిలో ఒంటరిగా పోయి వచ్చేదాన్ని. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూసింది లేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను. నాకు జరిగింది మాత్రం చెబుతాను.

నన్ను ఇచ్చింది జమ్మలమడుగు దగ్గర, పెన్న ఒడ్డున ఉన్న నేతగాళ్ల ఊరికి. మాకు ఎగువన కొంత దూరంలోనే ఏరు గండికోట గండి దాటి బయటికొస్తుంది. యాభైల మొదట్లో, కరువుకు ఊరూరా గంజి కేంద్రాలు పెట్టిన రోజులు. ఊళ్లో బావులు అడుగంటాయి. ఏట్లో నీళ్లు పారగా చూసి చాలా కాలమైంది. తెల్లవారగానే ఆడవాళ్లం ఏట్లోకి దిగి, ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడుకునేవాళ్లం. బిందె నిండేసరికి ఎండ చురుక్కుమనేది.

ఆ రోజు మా ఇంటినుంచి మా అత్త, నేను, మా ఆడబిడ్డ నరసమ్మ పోయాం. నరసమ్మకు ఇంకా పెళ్లి కాలేదు, అందరూ నర్సి అని పిలిచేవాళ్లు. పక్కింటి ఖాసింబీ కూడా మాతో వచ్చింది. ఒడ్డు దగ్గర చెలమల చుట్టూ జనం ఎక్కువగా ఉన్నారని మేము నలుగురం ఏటి నడిమికి పోయాం. అక్కడ ఇసుకలోంచి లేచినట్టు ఒక పెద్ద బండ ఉంటుంది. దాని మొదట్లో తవ్వితే నీళ్లు తొందరగా పడేవి.

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, వాన కురిసింది మా మీద కాదు. పైన ఎక్కడో, అనంతపురం వైపో మైసూరు వైపో కురిసింది. మాకు తెలియదు.

ముందు చప్పుడు వినిపించింది. ఖాసింబీ తల ఎత్తి, "యాడో బండ్లు పోతాండాయేమో" అంది.

మా అత్త కొంచెంసేపు చెవి పెట్టి విన్నది. "బండ్లు గాదు. లెయ్యండి, ఏరొస్తాండాది" అంది. గట్టిగా కూడా అనలేదు.

చూస్తే ఎగువన ఇసుక మీద ఎర్రటి గీత కనిపించింది. అది నురుగు. కంపచెట్లను వేళ్లతో సహా దొర్లించుకుంటూ వస్తోంది. ఒడ్డుకు పరుగెత్తే వ్యవధి లేదని అందరికీ ఒక్కసారే తెలిసింది. బండ ఎక్కాం. అత్తను ఖాసింబీ పైనుంచి లాగింది, నేను కిందినుంచి తోశాను. నర్సి మా వెనకే ఉంది. సగం ఎక్కిన పిల్ల మళ్లీ దిగింది. చెలమ పక్కన ఇత్తడి బిందె ఉండిపోయింది, దానికోసం. నేను "నర్సీ" అన్నాను. బిందె చంకన పెట్టుకొని ఆమె ఇటు తిరగడం చూశాను. నీళ్లు ఆమె మోకాళ్ల దాకా వచ్చాయి. ఆ తర్వాత అక్కడ ఆమె లేదు.

మేము ఏడవలేదు. ఇది చెబితే వినేవాళ్లకు వింతగా ఉంటుంది. మా అత్త ఆ చోటువైపు చూస్తూ కూర్చుంది. నేనూ చూస్తూ కూర్చున్నాను. లోపల ఏదీ కదలలేదు.

నీళ్లు బండ పైకి వచ్చాయి. కూర్చున్న మాకు నడుము దాకా. ఏటి వాలుకు ముఖం పెట్టి, వీపులకు ప్రవాహం తగులుతూ, ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం. నా ఎడమచేత్తో అత్త చెయ్యి పట్టుకున్నాను. నా కుడి మణికట్టును ఇంకొకరు పట్టుకున్నారు. ఖాసింబీ అనుకున్నాను. నీళ్లవైపు చూస్తే బండే ఎగువకు పోతున్నట్టు తల తిరిగేది. అందుకని కళ్లు మూసుకున్నాను.

పైన ఎండ మాడుస్తోంది. కింద కాళ్లు చల్లగా మొద్దుబారిపోయాయి. ఒకసారి ఏదో దుంగ వచ్చి నా వీపుకు కొట్టుకుంది. నా కింద బండ లేదు. అత్త చెయ్యి జారిపోయింది. నోట్లోకి ఇసుకనీళ్లు వచ్చాయి. ఆ కుడిచేతి పట్టు మాత్రం వదల్లేదు. గుంజి నన్ను మళ్లీ బండ మీద కూర్చోబెట్టింది. తడుముకుంటూ అత్త చెయ్యి మళ్లీ దొరకబుచ్చుకున్నాను. "విడవొద్దక్కా" అన్నాను. పట్టు ఇంకొంచెం బిగిసింది.

పొద్దు వాలేవేళకు ఏరు కొంత తగ్గింది. ఓబులేసు అని ఈతగాడు, ఎండు సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని, ఒడ్డున జనం తాడు పట్టుకోగా మా దగ్గరికి వచ్చాడు. ముందు నన్ను తీసుకుపోయాడు. నా చంకల కింద తాడు వేసినప్పుడు కూడా నేను కళ్లు తెరవలేదు. తర్వాత అత్తను, ఆ తర్వాత ఖాసింబీని తెచ్చాడు. ముగ్గురినీ ఇసుకలో పడుకోబెట్టారు. ఓబులేసు వగరుస్తూనే మళ్లీ నీళ్లలోకి దిగబోయాడు.

తాడు పట్టుకున్నవాళ్లు, "యాడికప్పా మళ్లా?" అన్నారు.

"ఇంకొకామె ఉండాది గదా" అన్నాడు.

నా భర్త పొద్దున్నించీ ఆ ఒడ్డునే నిలబడి ఉన్నాడు. వచ్చి తల్లి పక్కన కూర్చుని, "నర్సిని గూడా తెస్తాడులేమ్మా, నలుగురూ ఉండారు గదా. నేను చూస్తానే ఉండా" అన్నాడు.

మా అత్త, "ముగ్గురమే నాయనా. నర్సి పొద్దున్నే పాయ" అంది.

ఆయన నమ్మలేదు. లేచి బండ వైపు చూశాడు. అందరూ చూశారు. బండ ఖాళీగా ఉంది. ఒడ్డున ఉన్నవాళ్లలో చాలామంది నాలుగు తలలు చూశామన్నారు. రోజంతా ఆయన ధైర్యంగా ఉన్నది ఆ నాలుగో తలను చూసే. ఓబులేసు ఇంకో మాట అన్నాడు. నన్ను తీసుకురావడానికి వచ్చినప్పుడు నా పక్కన ఒకరు తల వంచుకొని కూర్చుని ఉన్నారట. ముఖం చూడలేదట. ఆ నాలుగో మనిషి నీళ్లలో కొట్టుకుపోయిందేమోనని వాళ్లు చీకటి పడేదాకా వెతికారు. ఊళ్లో ఇంటింటికీ అడిగారు. నర్సి తప్ప ఎవరూ తగ్గలేదు.

నర్సి కొన్నాళ్లకు దిగువన కంపల్లో దొరికింది.

నాకు ఇదంతా అప్పుడు పట్టలేదు. తిన్నాను, పడుకున్నాను, రాట్నం తిప్పాను. నీళ్ల మెరుపులో జనం కళ్లకు అలా కనిపించి ఉంటుంది అనుకున్నాను. నా కుడిచేతి గాజులన్నీ పగిలిపోయాయి. మణికట్టు చుట్టూ వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. అవి ఖాసింబీ వేళ్లనే అనుకున్నాను.

ఒకరోజు ఇద్దరం కొర్రలు దంచుతుంటే, "నువ్వు ఆ పొద్దు నా చెయ్యి పట్టుకోకుంటే నేను లేను అక్కా" అన్నాను.

ఖాసింబీ రోకలి ఆపింది. "నేను నీ పక్కకు యాడొచ్చినానమ్మీ? మీ అత్తకు ఆ పక్కనుంటి. ఆమె నడుం పట్టుకోనుంటి" అంది.

అత్తను అడిగాను. ఆమె కూడా అదే చెప్పింది. తన ఎడమపక్క ఖాసింబీ, కుడిపక్క నేను. నా అవతల ఎవరూ లేరు.

ఏరు మళ్లీ ఎండిపోయాక బండ దగ్గరికి పోయి చూశాను. నేను కూర్చున్న చోట కుడివైపు బండ నిలువుగా కోసినట్టు కిందికి దిగిపోతుంది. అక్కడ మనిషి కాదు, మేకపిల్ల కూడా నిలవలేదు.

ఊరంతా అది నర్సే అన్నారు. చచ్చిపోయి కూడా వదినను కాపాడుకుందన్నారు. అలా అనుకోగలిగితే నాకూ బాగుండేది. కానీ నర్సికి రోజూ జడ వేసినదాన్ని, పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టినదాన్ని. ఆమె వేళ్లు సన్నగా, మెత్తగా ఉండేవి. నన్ను పట్టుకున్న చెయ్యి పెద్దది. అరచెయ్యి గరుకు. ఆడదో మగదో చెప్పలేను. నాకు తెలిసినవాళ్ల చెయ్యి మాత్రం కాదు.

మా అత్త దాని గురించి ఒక్కసారే అడిగింది. పడుగు సరిచేస్తూ, నావైపు చూడకుండా, "నర్సి చెయ్యే గదా అమ్మీ?" అంది.

"తెలీదత్తా" అన్నాను.

తెగిన పోగొకటి ముడేసింది. "వెచ్చగుండెనా?"

"వెచ్చగానే ఉండె."

తల ఊపి పని చూసుకుంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. భయంలో మనసు అలా అనుకుంటుందని ఒక డాక్టరుగారు అన్నారు. కావచ్చు. అయితే ఒడ్డున ఉన్నవాళ్లు ఏం చూశారో, ఓబులేసు ఎవరికోసం తిరిగి నీళ్లలో దిగబోయాడో ఆయన చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. అది ఎవరని నేను ఇప్పుడు అడగడం కూడా మానేశాను. ఆ పొద్దు పెన్నలో మనిషిని పట్టి నిలపగల చెయ్యి ఒకటి ఉంది. నర్సి మాకు రెండు బారల దూరంలోనే ఉంది. ఆమెను అది ఎందుకు పట్టుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు.