బ్యాండు కోసం భువనగిరి: ఒకే పెళ్లికొడుకును రెండుసార్లు ఊరేగించిన ఆదివారం

ఈ ప్రయాణానికి కారణం మా ఓనరమ్మ స్టీలు గిన్నెలు. ఖమ్మం నుంచి నల్లగొండకు బదిలీ మీద వచ్చి ఒక వానాకాలం గడిచింది. విత్తనాల కంపెనీలో నా ఉద్యోగం. ఏ గింజ మొలుస్తుందో, ఏది మొలవదో పరీక్షించి చెప్పడం నా పని. ఖమ్మంలో ఉన్నప్పుడు నలుగురు స్నేహితులం కలిసి సాయంత్రాలు వాయించుకునేవాళ్లం. నాది బేస్ గిటారు. నాలుగు లావు తీగలుండి, పాట అడుగున గంభీరంగా మోగే వాద్యం. పక్కన ఇంకెవరైనా ఉంటేనే దానికి అందం. ఒంటరిగా వాయిస్తే పక్కింట్లో ఎవరో బీరువా జరుపుతున్నట్టు ఉంటుంది. నేను తీగ మీటినప్పుడల్లా గోడ అవతల ఓనరమ్మ గిన్నెలు గలగలమనేవి. ఒకరోజు ఆవిడ తలుపు తట్టి, ఏమాత్రం కోపం లేకుండా, "బిడ్డా, నువ్వు కొట్టుడు మంచిగనే ఉన్నది గని, పాట ఎప్పుడు షురూ అయితది?" అని అడిగింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. పాట మొదలవ్వాలంటే మనుషులు కావాలి. కొత్త ఊళ్లో నాకు తెలిసినవాళ్లంతా గింజలే.

మర్నాడు క్లాక్ టవర్ దగ్గర ఒక జిరాక్స్ షాపు గోడకు కాగితం అంటించాను. "మా బ్యాండులో చేరుటకు వాద్యకారులు కావలెను" అని రాసి, కింద నా పేరు సుధ అని, ఫోన్ నంబరు ఇచ్చాను. సాయంత్రానికే ఫోన్లు మొదలయ్యాయి. "మేడం, బరాత్‌కు ఎంత తీసుకుంటరు?" అని పెళ్లి ఊరేగింపు కోసం ఒకాయన. మాది పెళ్లిళ్ల బ్యాండు కాదని చెబితే, "మరి చావులకా?" అన్నాడు. ఇంకొకాయన గుర్రం మీరే తెస్తారా, మేము మాట్లాడుకోవాలా అని నిలదీశాడు. వారం రోజుల్లో వాయిస్తామని ఫోన్ చేసినవాళ్లు ఇద్దరే. ఒకరు చిట్యాల నుంచి రూబేను. చర్చిలో డ్రమ్స్ కొడతానని చెప్పాడు. రెండోవారు భువనగిరి నుంచి యాదయ్య. "క్లారినెట్ వాయిస్త. పెళ్లి గాక ముందటి నుంచి గిదే పని. నీ సామాను పట్టుకొని ఆదివారం రా మేడం, మాట్లాడుకుందం" అన్నాడాయన. ఆయన వాయిద్యం వినడానికి నేను వెళుతున్నానని నేననుకున్నాను. ఆయన వేరే అనుకున్నాడు. ఈ ఇద్దరితోనూ కుదరకపోతే గిటారును ఖమ్మంలో మా తమ్ముడికి పంపించేసి, ఇక ఓనరమ్మ గిన్నెల్ని ప్రశాంతంగా బతకనిద్దామని గట్టిగానే నిర్ణయించుకున్నాను.

ఆదివారం పొద్దున్నే నల్లగొండ బస్టాండులో నార్కట్‌పల్లి మీదుగా పోయే బస్సెక్కాను. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపించాను. కండక్టరమ్మ నాకు సున్నా టికెట్ కొట్టి, నా పక్క సీట్లో కిటికీవైపు కూర్చున్న గిటారు పెట్టెను చూసింది.

"గిదేంది?"

"గిటారండీ."

"నీకైతే ఫ్రీ. గిది ఆడామె గాదు గదా. ఒళ్లె పెట్టుకో, లేకుంటే లగేజీ కొడత."

పెట్టెను ఒళ్లో పెట్టుకుంటే నా తల కనబడలేదు. దారి పొడవునా ఎక్కినవాళ్లంతా ఆ సీటు ఖాళీ అనుకుని నా మీద కూర్చోబోయారు. గంటన్నర లోపే చిట్యాల హైవే మీద దిగాను. అక్కడి టిఫిన్ బండి దగ్గర రెండు ఇడ్లీలు తిని, రూబేను చెప్పిన గుర్తుల ప్రకారం ఊరి చివరి చర్చికి నడిచాను.

ఆరాధన సగంలో ఉంది. వెనక చాప మీద కూర్చుని విన్నాను. రూబేనుకు ఇరవై ఐదేళ్లుంటాయి. మిగతా రోజుల్లో పాల వ్యాను నడుపుతాడు. బక్కపలచటి మనిషి గానీ చేతులు ఇనుప కడ్డీలు. మొదటి చరణం బ్రహ్మాండంగా ఎత్తుకున్నాడు. నా అరికాళ్లు వాటంతటవే ఆడాయి. రెండో చరణానికి కాస్త వేగం పెంచాడు. మూడో చరణంలో పాడే అమ్మలు ఊపిరి తీసుకోవడానికి మాటలు వదిలేయడం మొదలుపెట్టారు. చివరికి హార్మోనియం ఆయన చేతులెత్తేసి చూస్తూ కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక నాకు టీ ఇస్తూ పాస్టరుగారి భార్య నిట్టూర్చింది. "పిలగాడు బంగారం అమ్మా. గని సంతోషమైతే చెయ్యి ఆగది. పాట ముందుగాల పరలోకం పోతది, మేమంతా ఎనక నడుసుకుంట పోతం."

రూబేను సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు. "నాకెరుకనే అక్కా. పట్టుకునేటోళ్లు లేక గట్ల ఉరుకుత."

ఆ మాట నాకు నచ్చింది. పాట వేగాన్ని పట్టుకోవడమే కదా బేస్ పని. భువనగిరి వెళుతున్నానని చెబితే, తన వ్యాను అటే పోతోందని ఎక్కించుకున్నాడు. ముగ్గురం కలిసి వాయించి చూద్దామని వెనక ఖాళీ పాల క్యాన్ల మధ్య అతని డ్రమ్ములు, నా గిటారు పెట్టాం. రామన్నపేట, వలిగొండ మీదుగా ఆ దారి పొడవునా కొత్త వడ్లు రోడ్డు మీదే ఆరబోసి ఉన్నాయి. సగం రోడ్డు వడ్లది, సగం బండ్లది. మధ్యలో కారప్పూస కొనుక్కుని నెమ్మదిగా పోయినా మధ్యాహ్నం రెండింటికల్లా భువనగిరి చేరాం. ఊళ్లో బండ మీదున్న కోట గురించి చెప్పమని అడగకండి. ఆ పెద్ద బండ ఎక్కాలని బూట్లు కూడా వేసుకుని వెళ్లాను గానీ కింద నుంచే చూశాను.

ఎందుకంటే బండ కింది వీధిలో యాదయ్య బ్యాండు దుకాణం ముందు మా వ్యాను ఆగగానే, యాభై ఏళ్లు దాటిన ఒక పొడుగాటి మనిషి, ఎర్రకోటు, బంగారు రంగు జాలర్లు, ముఖమంతా చెమటతో ఎదురొచ్చి నా చేతిలో ఇంకో ఎర్రకోటు పెట్టాడు.

"వచ్చినవా మేడం! తొడుగు, తొడుగు. నాలుగింటికి బరాత్ లేవాలె."

"ఎవరి బరాత్ అండీ?"

యాదయ్య ముఖంలో రంగు మారింది. నిలబడ్డ చోటే అసలు సంగతి బయటపడింది. నేను ఆయన్ని నా బ్యాండులోకి పిలుస్తున్నాననుకుంటే, పని వెతుక్కుంటూ తన బ్యాండులోకి వస్తున్న ఆర్టిస్టునని ఆయన అనుకున్నాడు. ఆ రోజు కీబోర్డు మనిషి, డ్రమ్ములాయన ఇద్దరూ వేరే ఊళ్లో పెళ్లికి పోయారు. ఖమ్మం నుంచి పెద్ద ఆర్టిస్టు వస్తోందని పెళ్లివాళ్లకు ఈయన మాటిచ్చేశాడు.

"నేను పెళ్లిళ్లలో ఎప్పుడూ వాయించలేదండీ" అన్నాను.

ఆయన గొంతు తగ్గించి వీధి చివరికి చూపించాడు. అక్కడ ఇంటంత స్పీకర్లతో ఒక డీజే బండి తయారుగా నిలబడి ఉంది. "పిలగాని దోస్తులు ఆ డబ్బ బండినే తెచ్చి పెట్టిన్రు. పిలగాని నాయినమ్మ మాత్రం క్లారినెట్ ఉంటనే బరాత్ లేవాలన్నది. గొర్లు కాసి ఇల్లు నిలబెట్టిన ముసలామె, ఆమె మాట ఎవరూ కాదనరు. మేము పోకుంటే ఆ డబ్బ మోగుతది. ఇగ ఈ ఊర్ల మమ్మల్ని ఎవడూ పిలువడు బిడ్డా."

మేడం పోయి బిడ్డ అయ్యాక కాదనడం కష్టం. రూబేనువైపు చూశాను. అతను అప్పటికే కోటు తొడుక్కుని గుండీలు పెట్టుకుంటున్నాడు. నాకిచ్చిన కోటు కీబోర్డాయనది. ఆయన భారీ మనిషి అని కోటే చెబుతోంది. చేతులు నా వేళ్లు దాటి ఒక జానెడు వేలాడాయి. రెండు పిన్నీసులతో మడిచి పెట్టుకున్నాను. స్పీకర్లున్న ట్రాలీ ఆటోలో గిటారు వైరు గుచ్చి, డ్రమ్ముల పక్కన ఇరుక్కుని నిలబడ్డాను. యాదయ్య కింద నడుస్తాడు. వాయించాల్సిన వరసలు అయిదు నిమిషాల్లో ఊది వినిపించాడు. ఆ క్లారినెట్లో తేనె ఉంది.

నాలుగింటికి పెళ్లికొడుకు గుర్రమెక్కాడు. మందుల కంపెనీలో పనిచేసే పిల్లాడు, గుర్రమెక్కడం జీవితంలో మొదటిసారి. యాదయ్య ఎత్తుకున్నాడు, రూబేను అందుకున్నాడు. జనం ఈలలు వేశారు. ఆ ఈలలే కొంప ముంచాయి. రూబేనుకు సంతోషమైంది. నేను పట్టుకోవాల్సింది పోయి, కోటు చేయి జారి తీగల మీద పడుతుంటే దాన్ని లాక్కుంటూ అతని వెనకే పరిగెత్తాను. పెళ్లిళ్లలో ఆరితేరిన గుర్రం కదా, అది డ్రమ్ము దెబ్బను బట్టి అడుగేస్తుంది. మొదట నడిచింది, తర్వాత చకచకా నడిచింది, ఆపైన పరుగు అందుకుంది. "ఆపున్రి! నాకు దిగనీకి వస్తలేదు!" అని పెళ్లికొడుకు అరుపులు మాకు కేరింతల్లా వినబడ్డాయి. డాన్సు చేయాల్సిన దోస్తులు బాసికం ఎగిరిపోకుండా పట్టుకోవడానికి పక్కనే ఉరికారు. యాదయ్య పరిగెత్తుతూనే ఊదాడు. పెద్దవాళ్లంతా వెనక వీధిలోనే ఉండిపోయారు. రెండు గంటలు సాగాల్సిన బరాత్ అరగంటలో ఫంక్షన్ హాలు ముందు తేలింది.

హాలు దగ్గర పెళ్లికొడుకుకు ఎదురొచ్చి ఆహ్వానించే ఎదుర్కోళ్లకు ఎవరూ లేరు. వంటాయన గరిటెతో బయటికొచ్చి మమ్మల్ని చూసి లోపలికి పారిపోయాడు. పెళ్లికూతురి తండ్రి బనియను మీదే, సగం గడ్డం గీసుకుని, నురగతో గేటు దాకా వచ్చాడు.

"గింత జల్దీ ఎట్లొస్తరయ్యా? పిల్ల జడ గూడ కాలే! దండలు ఇంక బస్టాండు కాడనే ఉన్నయి!"

"ఏం చేద్దం మరి?" అన్నాడు యాదయ్య, ఆయాసపడుతూ.

"ఎనకకు పోయి మళ్ల రాన్రి!"

ఊరేగింపు వెనక్కి తిరగడం నేనెప్పుడూ చూడలేదు. వాద్యాలు ఆపేసి, తలలు వంచుకుని వెనుదిరిగాం. దారిలో ఎవరో మేడ మీద నుంచి "పెండ్లి క్యాన్సలైందా?" అని అడిగారు. డీజే బండి పిల్లలు చేతులు దులుపుకుని లేచి నిలబడ్డారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. యాదయ్య క్లారినెట్ తుడుచుకుంటూ నడిచాడు, నన్ను తిట్టినా బాగుండేది. రూబేను మాత్రం ట్రాలీలో నా చెవి దగ్గరికి వంగి, "అక్కా, ఈసారి నేను నిన్నే చూస్త. నువ్వు కాలు ఎట్లేస్తే నేను గట్ల కొడత. జర గట్టిగ పట్టు" అన్నాడు. నేను పిన్నీసులు తీసేసి కోటు విప్పి ఆటో అంచున ఆరేశాను.

మళ్లీ బయలుదేరే చోట పెళ్లికొడుకు నాయినమ్మ నిలబడి ఉంది. పేరు మల్లమ్మ. చిన్నగా, వంగి, వెండి కడియాలతో ఉంది. మా వైపు చేయి చూపించి, "పోరగాండ్లారా, ఉరికితే గొర్లు గూడ చెదురుతయి. మెల్లగ రాన్రి" అంది.

ఈసారి నేనే మొదలుపెట్టాను. ఒంటరిగా నాలుగు నింపాది స్వరాలు, నల్లగొండ గదిలో గిన్నెల్ని కదిలించినవే. ఎడమ కాలితో ఆటో పలక మీద తాళం వేశాను. రూబేను కళ్లు నా కాలి మీద నుంచి కదల్లేదు. పళ్లు బిగించి, చెమటలు కారుస్తూ, పరుగెత్తాలనే కోరికను మింగుతూ కొట్టాడు. అలా మేమిద్దరం నేల పరిచాక దాని మీదికి యాదయ్య క్లారినెట్ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. మా ముగ్గురిలో ఎవరూ ఎవరినీ తోయలేదు. గుర్రం కూడా బుద్ధిగా తల ఊపుతూ అడుగులేసింది. రెండో మలుపులో మల్లమ్మ కొంగు నడుముకు చుట్టి నడిరోడ్డు మీదికి వచ్చింది. ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరారు. కాసేపటికి డీజే బండి పిల్లలు కూడా వచ్చి ఆడారు. హాలు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. పెళ్లికూతురి తండ్రి నున్నటి గడ్డంతో, కొత్త అంగీతో, దండ పట్టుకుని గేటు దగ్గర ఏమీ తెలియనట్టు నవ్వుతున్నాడు.

బగారన్నం, మటన్ కూరతో మమ్మల్ని మొదటి పంక్తిలోనే కూర్చోబెట్టారు. యాదయ్య ముద్ద కలుపుతూ, "ఇంతకు నీ బ్యాండుల ఎందరున్నరు బిడ్డా?" అని అడిగాడు.

"నేనొక్కదాన్నే కాకా."

ఆయనకు నవ్వొచ్చి పొలమారింది. నీళ్లు తాగి అన్నాడు. "ముప్పై ఏండ్ల సంది మంది అడిగిన పాటలే ఊదుతున్న. నాకు ఊదాలనిపించేటియి ఓ నాలుగున్నయి. గవి ఊదనిస్తవా?"

ఆ మాటకు ఏం చెప్పానో మీకు వేరే చెప్పక్కరలేదు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు చిట్యాలలో, రూబేను పాల క్యాన్లు పెట్టే రేకుల షెడ్డులో మేం ముగ్గురం కలుస్తాం. అతను ఇప్పటికీ అప్పుడప్పుడు ఉరుకుతాడు; నేను కాలు చప్పుడు చేస్తాను; యాదయ్య కళ్లు మూసుకునే ఉంటాడు. కొత్త ఊళ్లో మనకు సరిపోయే మనుషులు ఎక్కడో తయారుగా కూర్చుని ఉంటారని, వెతికితే దొరుకుతారని అనుకుని బయలుదేరాను. అలా ఎవరూ లేరు. ఒకరికి వేగం ఎక్కువ, ఒకరికి పని కరువు, నాకు తోడు లేదు. కలిసి ఒక పెళ్లిని పాడుచేసి, మళ్లీ కలిసి బాగుచేశాక సరిపోయాం. యాదయ్య ఊదాలనుకున్న నాలుగు పాటల్లో రెండు వచ్చాయి. మూడోది చాలా కష్టం, నాకింకా వేళ్లు తిరగడం లేదు.

మీరూ ఇటువైపు వాద్యకారుల కోసం వస్తే ఒక్క సలహా: పెళ్లిళ్ల రోజుల్లో భువనగిరి బ్యాండు దుకాణాలకు పొద్దున పూటే వెళ్లండి. అప్పుడు తీరిగ్గా టీ పోసి మాట్లాడతారు. మధ్యాహ్నం దాటితే కోటు తొడుగుతారు.