బావురుపిల్లుల ఇంటిపేర్లు తెలిసిన మనిషి

మా మరిది భాస్కరం ఇక లేడన్న దుర్వార్త విజయవాడ నుంచి ఫోనులో వచ్చేసరికి పొయ్యి మీద పప్పు ఉంది. మంట తగ్గించి, మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ అదే మాట. గుండె ఆగిందట. పదిహేను రోజులైంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో తెలియదు. అతని శిష్యులు వేస్తున్న పుస్తకానికి నాలుగు మాటలు రాయమన్నారు. నాది అయిదో తరగతి చదువు. అయినా రాస్తున్నాను.

భాస్కరం కాలేజీలో జంతుశాస్త్రం బోధించి రిటైరయ్యాడు. ఆ తర్వాత అతని నిరంతర అన్వేషణంతా అడవిపిల్లుల మీదే. చల్లపల్లిలో మా ఇంట్లో దిగి, అక్కణ్ణించి మడ అడవులకు వెళ్ళేవాడు. మా వైపు చేపల చెరువు మీద పడ్డదాన్నీ, కోళ్ళగూటి మీద పడ్డదాన్నీ ఒకటే పేరుతో బావురుపిల్లి అంటారు. దొరికితే కొట్టి చంపడమే. ఆ అజ్ఞానంతోనే అతను చివరిదాకా పోరాడాడు. ఒకనాడు నేను వంకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని పాఠం మొదలెట్టాడు.

“వదినా, చేపలు పట్టేదీ, చిరుతపిల్లీ, తుప్పురంగు మచ్చల బుల్లిపిల్లీ ఒకే ఇంటిపేరు వాళ్ళు. రెల్లుగడ్డిలో తిరిగే జంగుపిల్లి వేరు. అది మన పెరటి పిల్లికి జ్ఞాతి.”

“నాకన్నీ ఒకేలా ఉన్నాయి.”

“పాత పుస్తకాలూ అలాగే అనుకుని అన్నిటినీ ఒక ఇంట్లో వేశాయి. తర్వాత రక్తసంబంధం పరీక్షిస్తే, లక్షల ఏళ్ళ కిందటే వేరుకాపురాలు పెట్టాయని తేలింది.”

“దత్తత పోకుండానే ఇంటిపేరు మార్చేశారన్నమాట. పిల్లుల్నడిగారా?”

“అడగడానికే రోజూ వెళ్తున్నా. పలకవు,” అన్నాడు.

అతని సహనానికి నేనే సాక్షిని. నా ఊరగాయ సీసాల్లో పిల్లి పెంట దాచాడు, అందులో చేప ముళ్ళున్నాయో ఎలుక వెంట్రుకలున్నాయో చూడాలట. నాకేం తెలుసు? పారబోసి, బూడిదతో తోమి ఎండలో పెట్టాను.

“నాలుగు నెలల పని పారబోశావు వదినా.”

“నా సీసాల్లో పెట్టమని ఎవరన్నారయ్యా?”

మర్నాడు పొద్దున్నే మళ్ళీ బురదలోకి వెళ్ళాడు. తప్పయిందని నేను అనలేదు. అనాల్సింది.

పెదకర్మ ముగించుకుని ఇంటికొచ్చిన మర్నాడు, దిగువ ఊరి చేపల చెరువుల రైతు ఒకాయన ఆటోలో బోను తెచ్చాడు. లోపల సగం ఎదిగిన పిల్లి.

“మేష్టారున్నారామ్మా? తనకి చూపించకుండా చంపొద్దన్నారండీ.”

సంగతి చెప్పాను. తలకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. “మరి దీన్నెక్కడ వదలమంటారండీ? వెనక్కి తీసుకెళ్తే మావాళ్ళు బతకనివ్వరు.”

చేపలు పట్టేదైతే మడ కాలవలకు, జంగుపిల్లి అయితే రెల్లుపొదలకు. జంగుపిల్లిని మడలో వదిలితే ఉప్పునీళ్ళ మధ్య తిండి దొరక్క చస్తుంది. వంగి చూశాను. తోక పొట్టి, రెండిటికీ అంతే. ఒంటి మీద చారలు కనీకనబడకుండా ఉన్నాయి. కానీ చిన్నతనంలో జంగుపిల్లికీ చారలుంటాయని భాస్కరం అనేవాడు. చెవుల కొసల్లో జంగుపిల్లికుండే వెంట్రుకలు ఉన్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి.

“మడ వైపు వదిలెయ్యి,” అన్నాను, అంతా తెలిసినదానిలా. అతను నమ్మి వెళ్ళిపోయాడు.

భాస్కరం నాకన్నా చిన్నవాడు, నేను దణ్ణం పెట్టకూడదు. అయినా పెడుతున్నాను. ఆ పిల్లి బతికిందో లేదో తెలియదు. నేను చెప్పింది తప్పయితే తప్పని చెప్పే మనిషి కృష్ణ ఒడ్డున ఇంకొకడు లేడు.