తొందరపడి చెప్పిన సాక్ష్యం

చర్చిలో చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? నిన్న మా సంఘమంతా చూసింది. ఆ మనిషి నేనేనండి!

మా మావయ్యగారు ఆర్మీలో హవల్దారుగా చేశారు. మంచుకొండల్లో డ్యూటీలో జారిపడి మోకాలు పోయింది. డిజెబిలిటీ పెన్షన్ అడిగితే, ఆ దెబ్బకీ సర్వీసుకీ సంబంధం లేదని రాసి పంపారు. డబ్బు సంగతి అటుంచండి, ఆ ఒక్క లైనే ఆయన్ని తినేస్తోంది. "అయితే నేను మంచులో షికారుకెళ్ళానా అమ్మాయ్?" అంటారు. ఆ లైను కొట్టేయించాలని, ఆలస్యంగానైనా ట్రిబ్యునల్లో అప్పీలు వేశాం.

ఫోన్లో స్టేటస్ చూసే పని నాది. ధవళేశ్వరంలో గుమాస్తా ఉద్యోగం కదా, ఫైళ్ళ సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! ఎప్పుడు చూసినా 'పెండింగ్'. మొన్నామధ్య శనివారం లంచ్ టైములో చూస్తే 'అలౌడ్', అంటే ఒప్పుకున్నారని! పేజీ కిందికి జరపనైనా జరపకుండా ఇంటికి ఫోన్ కొట్టాను.

"మావయ్యగారూ, గెలిచామండి!"

"ఆ లైను కొట్టేశారా?" అన్నారు మెల్లగా.

"కొట్టేశారండి!" అన్నాను. చూసినట్టే.

మర్నాడు ఆయన పెట్టె అడుగునుంచి మెడల్స్ తీసి, చొక్కాకి పెట్టుకుని, చర్చిలో ముందు బెంచీలో కూర్చున్నారు. నేను మైకు పట్టుకుని, దేవుడే మా కేసు గెలిపించాడని ఏడుస్తూ సాక్ష్యం చెప్పాను. అందరూ చప్పట్లు!

సోమవారం థాంక్స్ చెబుదామని లాయరు గారికి ఫోన్ చేశాను.

"మేడమ్, అలౌ అయింది అప్పీలు కాదండి. లేటుగా వేశాం కదా, ఆ ఆలస్యాన్ని మన్నించమని విడిగా ఒక దరఖాస్తు పెట్టాం. అది ఒప్పుకున్నారు, పేజీ కింద రాసే ఉంది. అసలు కేసు ఇప్పుడే మొదలవుతుంది."

మావయ్యగారికి చెప్పాను. మెడల్స్ గుడ్డలో చుట్టి, మళ్ళీ పెట్టె అడుగున పెట్టేశారు. నాలుగు తిట్టినా బాగుండేది.

అందుకే నిన్న మళ్ళీ మైకు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాను. ఎవరూ నవ్వలేదు. దాంతో ఇంకా సిగ్గేసింది. అప్పుడు మావయ్యగారు కర్ర ఊతంతో లేచి, పాస్టరు గారివైపు తిరిగారు.

"అయ్యగారూ, నావి రెండు ప్రార్థన మనవులండి. నా కాలు దేశం పనిలోనే పోయిందని వాళ్ళు రాయాలి. ఈలోగా మా కోడలు పేజీ చివరిదాకా చదవడం నేర్చుకోవాలి."

మొదటిదానికి అందరూ కళ్ళు తుడుచుకుని ఆమేన్ అన్నారు. రెండోదానికి అన్న ఆమేన్ మాత్రం వీధి చివరిదాకా వినిపించిందటండి!