గేరు రబ్బరు మీది గీతలు

మా ఇంట్లో నన్నందరూ సీఐడీ అనేవాళ్లు. ఎవరి చేతిలో సంచి కనబడినా లోపలేముందో తెలిసేదాకా నాకు అన్నం సహించేది కాదు. తొంభైల మొదట్లో, నాకు పెళ్లయిన ఏడాది ఎండాకాలం, భద్రాచలంలో కుర్రాళ్ల సంఘం ఒకటి పాత బండ్ల ప్రదర్శన పెట్టింది. ఆ కబురు విన్నరోజే మా పెదనాన్న గొడ్ల కొట్టంలో మూలన పడున్న తన మోటారు సైకిల్‌ను వాకిట్లోకి తోయించాడు. తుప్పు వదిలించడానికి సెలవులకు పుట్టింటికి వచ్చిన నేను దొరికాను.

అది ఆయనకు బండి కాదు, పేరు. రిటైరయ్యేదాకా ఆయన చర్ల అవతలి గూడేలకు మలేరియా మందులు తీసుకెళ్లే ఉద్యోగం చేశాడు. గూడేల్లో ఆడవాళ్లు మగవాడికి ఒంట్లో సంగతి చెప్పరని పెద్దమ్మను కూడా వెంట తీసుకెళ్లేవాడు. డెబ్భైలలో అటు రోడ్డు పేరుకే ఉండేది. చీకట్లో ఆ అడవిలో బండి నడపడమంటే మాటలా అని ఊరంతా ఆయన్ను మెచ్చుకునేది. ఎలుగుబంటి ఎదురొచ్చిన కథ ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో! విన్న ప్రతిసారీ ఎలుగు కాస్త పెరిగేది. ఊరివాళ్లకు ఒక్క వెక్కిరింత మాత్రం ఉండేది. రాత్రిపూట వస్తే చాలు, సరిగ్గా ఊరి మొదట్లోనే ఆయన బండికి పెట్రోలు అయిపోయేది. మొగుడూ పెళ్లాం తోసుకుంటూ ఇంటికొచ్చేవాళ్లు.

ప్రదర్శన షరతులు మూడే. బండి నడవాలి, యజమాని దాని కథ మైకులో చెప్పాలి, మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పాలి. ఇంజను సంగతి మెకానిక్ భాయ్ చూసుకున్నాడు. నేను కిరసనాయిలు గుడ్డతో, గరుకు కాగితంతో రుద్ది, ఆఖరికి చింతపండు పట్టించి ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. కుడికాలి దగ్గర గేరు రాడ్డుకు తొడిగిన రబ్బరు మీద మట్టి గట్టిపడి ఉంది. గోకితే దాని అడుగువైపున రెండు గీతలు బయటపడ్డాయి. సన్నగా, లోతుగా, పక్కపక్కనే ఉన్నాయి.

"ఇవేంది పెదనాన్నా?"

"ఎలుకలు కొరికినయ్ బిడ్డా. నువ్వు ట్యాంకు తోము."

స్కేలు పెట్టి కొరికే ఎలుకలను నేనెక్కడా చూడలేదు. ఆయన లోపలికి వెళ్లగానే చెప్పు విప్పి, గేరు మార్చేటప్పుడు చేసినట్టు పాదం ఆ రాడ్డు కింద పెట్టి పైకి ఎత్తాను. కొత్త పెళ్లికూతురి కాలు కదా, వేలికి రెండు మట్టెలున్నాయి. అవి వెళ్లి ఆ గీతల్లో సరిగ్గా కూర్చున్నాయి.

పెద్దమ్మ వంటింటి గడప దగ్గర చింతచిగురు ఏరుతోంది. నేనేమీ అడగలేదు. ఆమె కాళ్ల వైపు చూశాను, అంతే. గబుక్కున పాదాలు చీర కిందికి లాక్కుంది.

"ఎవ్వరికన్న చెప్పినవా?"

"ఏం తెలుసని చెప్పాలె? నువ్వే చెప్పు."

ఆమె గొంతు తగ్గించింది. "మీ పెదనాన్నకు రేచీకటి. పొద్దు గూకితే గోడేదో మనిషేదో తెల్వదు. నౌకరిల చేరిన కొత్తల బండి తీస్కపోయి వాగుల పెట్టిండు. పై ఆఫీసర్లకు తెలిస్తే నౌకరి పోతదని ఒకటే ఏడుపు. గోదారి ఇసుకల నాకు నేర్పిండు. చీకటి పడ్డంక నేనే హ్యాండిలు పట్టేదాన్ని. ఊరి మొదట్ల దిగి తోసుకుంట వచ్చేటోళ్లం, ఎవ్వరి కంట పడొద్దని."

"గూడేలోళ్లు చూడలే?"

"సూసిన్రు. ఎవలు నడిపితే వాళ్లకేంది? మందు అందితే సాలు."

నాకు సంతోషం పట్టలేదు. మైకులో ఈ కథే చెప్పాలన్నాను. పెద్దమ్మ ముఖం మాడిపోయింది.

"నోరు మూస్కో. ఊర్ల ఆయనకున్నది ఆ ఒక్క పేరే. ముసలితనంల అది గుంజుకుంటమా?"

నాకు ఒళ్లు మండింది. అడవిలో హ్యాండిలు పట్టింది ఈమె, పేరు ఆయనది! అయినా చెప్పనని మాటిచ్చాను. ఆ సాయంత్రమే ఆమె మెకానిక్ భాయ్‌తో పాత రబ్బరు తీయించి కొత్తది వేయించింది.

ప్రదర్శన రోజు పొద్దున్నే బండి చూసి ఆగిపోయాను. పాత రబ్బరు మళ్లీ రాడ్డుకు వచ్చి చేరింది. కొత్తది చెత్తలో ఉంది. పెద్దమ్మ నావైపు అనుమానంగా చూసింది. నేను కాదని ఒట్టేశాను. మరి ఎవరు మార్చారు, ఎందుకు? మైదానానికి వెళ్లేదాకా నా బుర్రంతా అదే తొలిచింది.

మధ్యాహ్నం మా వంతు వచ్చేసరికి మైదానం నిండా జనం. "అర్ధరాత్రి అడవిలో తిరిగిన ధైర్యవంతుడు! సార్, ఎలుగుబంటి ముచ్చట చెప్పండి," అని మైకు పట్టుకున్న కుర్రాడు పిలిచాడు. పెదనాన్న మైకు అందుకున్నాడు.

"ఎలుగును నేను సూడనేలేదయ్యా. ఆమె చెప్తే ఇన్న. నాకు రేచీకటి. నౌకరి పోతదని ఇన్నేండ్లు దాసిన. రాత్రిపూట బండి నడిపింది మా ఇంటామె. గేరు రబ్బరు మీద ఆమె మట్టెల గీతలున్నయ్, సూస్కోండ్రి. కొత్తదేసి దాయబోయిన్రు. నేనే పీకేసిన."

వెనక నుంచి మా ఊరివాడెవడో "గందుకేనా పెట్రోలు అయిపోయేది!" అని అరిచాడు. మైదానమంతా గొల్లుమంది. పెదనాన్న తల దించుకున్నాడు. ఆ అరిచినవాణ్ని వెతికి చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

మైకు కుర్రాడు తడబడి, "అయితే ఈ చుట్టు అమ్మగారే కొట్టాలి!" అన్నాడు. చప్పట్లు మోగాయి. పెద్దమ్మ కొంగు నడుముకు చెక్కుకుంటూ బండి దగ్గరికి వచ్చింది. పెదనాన్న పక్కకు జరిగి హ్యాండిలు ఆమె వైపు తిప్పాడు. ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండవైపు చూసింది.

"ఇంకా ఇంత పొద్దున్నది గదయ్యా. నువ్వే నడుపు," అని అందరికీ వినబడేలా చెప్పి, వెనక సీటు మీద కూర్చుంది.