శవం నవ్విన షాట్

తెలంగాణ వచ్చిన మరుసటి వేసవి. రామన్నపేట దగ్గర ఒక పల్లెలో షూటింగ్. అప్పటికి చాలా ఏళ్లుగా నేను జూనియర్ ఆర్టిస్ట్‌ని, అంటే గుంపులో నిలబడేవాణ్ని, మాట లేనివాణ్ని. నాకున్న పేరల్లా శవం వేషానికే. కెమెరా తిరుగుతున్నంతసేపూ ఈగ వాలినా కదలను. ఎంత బాగా చచ్చినా డైలాగ్ మాత్రం ఇవ్వరు కదా!

ఆ వేసవి దాటేలోగా మాటలున్న వేషం ఒక్కటైనా రాకపోతే నకిరేకల్ పక్కనున్న మా ఊరికి వచ్చేసి గొర్లు కాసుకుంటానని అమ్మకు మాటిచ్చాను. షూటింగ్ ఇంత దగ్గరికొచ్చిందని విని, నాకు చెప్పకుండానే ఆమె బస్సెక్కింది.

నన్ను పాడె మీద పడుకోబెట్టారు. నుదుట రూపాయి బిళ్ల, మెడలో బంతిపూల దండ, చుట్టూ డప్పులు. టేక్ ఓకే అయ్యాక కళ్లు తెరిస్తే జనంలో అమ్మ కనిపించింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నా ప్రాణం నిజంగానే పోయినట్టయింది.

మా సినిమావాళ్లకు ఒక ఆచారముంది. శవం వేషం వేసినవాడు చివర్లో కెమెరాలోకి చూసి నవ్వాలి, కీడు పోవడానికి. ఆ షాట్ ఏ సినిమాలోనూ పడదు. ఆ రోజు నవ్వమంటే నాకు ఏడుపొస్తోంది. పెదాలు సాగదీస్తే డైరెక్టర్ అది నవ్వు కాదన్నాడు. మళ్లీ తీశారు, మళ్లీ కుదరలేదు. యూనిట్‌లో పెద్దవాళ్లకు గుబులు పట్టుకుంది. చివరికి జనంలో మా అమ్మ ఉందని నేను చూపిస్తే, అసిస్టెంట్ డైరెక్టర్ వెళ్లి ఆమెకు సంగతి చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుని కెమెరా పక్కకొచ్చి నన్ను తలనుంచి కాళ్లదాకా చూసింది.

"ఇంట్ల పొద్దెక్కేదాక పండితే పనిదొంగవని తిడ్తుంటి. గిది నేర్చుకుంటున్నవని నాకేమెరుక కొడుకా."

కడుపులోంచి తన్నుకొచ్చింది నవ్వు. పాడె ఊగిపోయేలా నవ్వాను. దండ తెగింది. డప్పులవాళ్లు నవ్వారు, అమ్మా నవ్వింది.

డైరెక్టర్ మాత్రం మానిటర్ ముందు నుంచి లేవలేదు. నా నవ్వును మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాడు. తర్వాత నన్ను పిలిచి, పెళ్లి సీన్‌లో పెళ్లికొడుకు మేనమామ వేషం ఇంకా ఎవరికీ ఇవ్వలేదన్నాడు. మాటలు చెప్పగలవా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"మాటలకేం కొదువ సారూ. గింతసేపు సప్పుడు జేయక పండుడే నాకు ఇచ్చంత్రమైతాంది."

ఆ మేనమామ మాటల్ని మా ఇంటి యాసలోనే చెప్పమన్నారు. సంతోషంతో నాకు ఆ రోజు అన్నం సహించలేదు. గొర్ల సంగతి అమ్మ మళ్లీ ఎత్తలేదు. ఆ వేషం వెంట ఇంకో వేషం వచ్చింది, నేటిదాకా వస్తూనే ఉన్నాయి.

కొత్త పిల్లలు నన్ను అవకాశం ఎప్పుడొస్తుందని అడుగుతుంటారు. నాకు తెలియదనే చెబుతాను. నాది ఎవరూ చూడని షాట్‌లో, ఏడవబోతుండగా వచ్చింది. మీది ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? అది వచ్చిననాడు మీరు ఊరెళ్లిపోయి ఉండకండి, అంతే.