దారం లేని రాట్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బతుకమ్మ పండుగ బట్టల దుకాణంలో మొదలయ్యేది కాదు, మగ్గం కింద మొదలయ్యేది. సిద్దిపేటలో మాది నేతవాళ్ల వాడ. మా తాతయ్య చీర నేసి కోశాక మిగిలిన పోగులు మగ్గం గుంట చుట్టూ పడి ఉండేవి. పిల్లలం వాటిని ఏరుకొని, రంగులు విడదీసి, ఇంటిల్లిపాదికీ పండుగ కానుకలు చేసేవాళ్లం. ఆడవాళ్లకు జడకుచ్చులు, నాయినకు తాళంచెవుల తాడు, తాతయ్యకు పొగాకు సంచి ముడితాడు. నేను చేసిన కుచ్చులు అచ్చం మేకతోకల్లా ఉండేవి. అయినా మా నాయనమ్మ వాటిని కట్టుకొని వాడంతా తిరిగి వచ్చేది. ఇప్పుడు మా మనవలు మెరుపు కాగితాలు అట్టకు అంటించి తెచ్చి చేతిలో పెడతారు. చేతికి, చీరకు, సోఫాకు అంతా ఆ మెరుపే. పోనీలెండి, వాళ్ల సరదా వాళ్లది.

కుచ్చులు అల్లడం నాకు నేర్పింది మా చిన్నత్త, మా నాయిన చెల్లెలు. అప్పటికి ఇంకా పెళ్లి కాలేదు. వెనక గదిలో రాట్నం ముందు కూర్చొని మగ్గానికి కావలసిన దారపు కండెలు చుట్టేది. ముందు గదిలో తాతయ్య మగ్గం, వెనక గదిలో చిన్నత్త రాట్నం, ఆ రెండు చప్పుళ్ల మధ్య నాకు మధ్యాహ్నం నిద్ర పట్టేది. ఒక ఏడాది వానకాలంలో ఒకనాడు రాట్నం ఆపి నా వైపు తిరిగి, "ఈసారి పండుగకు నాకు ఎర్రకుచ్చులు చెయ్యవే. మంచిగ పెద్దగ చెయ్యాలె, నడుస్తుంటే ఈపుకు తాకాలె" అన్నది. చేస్తానన్నాను. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆమెకు జ్వరం వచ్చింది. దవాఖానకు తీసుకుపోయారు. తిరిగి రాలేదు.

ఇంట్లో ఆమె పేరెత్తడం మానేశారు. ఆ గదిలో కూర్చోవడానికి మనసొప్పక మా అమ్మ పక్కింటికి వెళ్లి కండెలు చుట్టుకొచ్చేది. నాయనమ్మ ఆ గది గుమ్మం వైపు చూడను కూడా చూసేది కాదు. ఒకరోజు పక్కింటి ముసలవ్వ మా అమ్మతో మెల్లగా చెబుతుంటే నా చెవిన పడింది. "ఆశ తీరకుండ పోయిన పిల్ల. గీ ఇంట్లనే తిరుగుతది." ఆమె పెళ్లి గురించి అన్నదేమో. నాకు మాత్రం ఎర్రకుచ్చులే గుర్తుకొచ్చాయి. మాట ఇచ్చింది నేను. అడగడానికి వస్తే నా దగ్గరికే వస్తుంది.

అన్నట్టే ఆ వారంలోనే వెనక గదిలో రాట్నం తిరగడం మొదలైంది. అమ్మ పక్కింట్లో, నాయనమ్మ వాకిట్లో ఉన్న వేళ, మగ్గం చప్పుడు ఆగిన కాసేపటికి, కిర్రు కిర్రుమని వినిపించేది. నేను చెద్దరు ముసుగేసుకొని ఊపిరి బిగబట్టేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే గది తలుపుకు తాళం వేస్తారని భయం, వేయకపోతే ఆమె బయటికి వస్తుందని భయం. మెల్లగా ఎర్రపోగులన్నీ ఏరి కుచ్చులు అల్లడం మొదలుపెట్టాను. అంత శ్రద్ధగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదేమో!

పెత్రమాస వచ్చింది. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య అదే. పొద్దున పోయినవాళ్ల పేరున బియ్యం, కూరగాయలు ఇస్తారు, కొత్తబట్టలు పెట్టి ఇంట్లో ఎవరో ఒకరు కట్టుకుంటారు. సాయంత్రం బతుకమ్మ ఆడతారు. అమావాస్య నాడు మా వాడలో ఎవరూ మగ్గం తొక్కరు, రాట్నం ముట్టరు. రోజూ చెవులు హోరెత్తే వాడ ఆనాడు మూగబోతుంది. మధ్యాహ్నం అమ్మ, నాయనమ్మ వాకిట్లో తంగేడు పూలు సవరిస్తున్నారు. చిన్నకోడూరు నుంచి మామయ్య తెచ్చిన పూలవి. నేను గడపలో కూర్చొని ఉన్నాను. అప్పుడు లోపల రాట్నం తిరిగింది.

అమావాస్య నాడు, మా వాడలో, బతికున్నవాళ్లు ఎవరైనా రాట్నం తిప్పుతారా? అయినా లేచాను. కుచ్చులు ఇచ్చేస్తే వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లిపోవద్దని కూడా అనుకున్నాను. గుప్పిట్లో కుచ్చులు పట్టుకొని తలుపు తోశాను.

గదిలో మసకగా ఉంది. ఎవరో నా వైపు వీపు పెట్టి, తల మీదుగా దుప్పటి కప్పుకొని, రాట్నం ముందు కూర్చొని ఉన్నారు. నా కాలి పట్టీలు గల్లుమన్నాయి. రాట్నం ఆగింది. ఆ కూర్చున్న మనిషి వెనక్కి తిరగకుండానే, "వచ్చినవా బిడ్డా?" అన్నాడు.

అది మా తాతయ్య గొంతు. దుప్పటి జారిపోతుంటే గిరుక్కున తిరిగాడు. ఆ ముఖంలో ఎంత ఆశ ఉందో! నన్ను చూడగానే అంతా పోయింది. లోపల ఉన్నది ఎవరని నేను భయపడ్డానో, ఆయన నన్ను ఆమే అనుకున్నాడు. నేను ఆమెను కాకపోవడం ఆయన ముఖంలో నాకు కనిపించింది. అంత చిన్న వయసులో కూడా అది నన్ను కోసింది.

అప్పుడే చూశాను, రాట్నానికి దారం లేదు. ఉత్త రాట్నం తిప్పుతున్నాడు.

నేను ఏడుస్తూ కుచ్చులు చూపించాను. చిన్నత్త అడిగిందని, ఆమె ఇంట్లోనే తిరుగుతుందని పక్కింటి అవ్వ చెప్పిందని, కుచ్చులు తీసుకోవడానికి వస్తుందని గడగడా చెప్పేశాను. ఆయన ఆ కుచ్చులు చూశాడు. "రాదు బిడ్డా," అన్నాడు. "వస్తదేమోనని గిన్ని దినాల సంది గీ రాట్నం తిప్పుతున్న. రాలే." తర్వాత చేత్తో ముఖం గట్టిగా తుడుచుకున్నాడు. తుడిచిన చేయి తీసేసరికి అది మళ్లీ మా తాతయ్య ముఖమే అయింది. "నువ్వు వచ్చినవు గద. మంచిగ వచ్చినవ్," అని నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

నన్ను చెయ్యి పట్టుకొని వాకిట్లోకి తీసుకుపోయి నాయనమ్మ ముందు నిలబెట్టాడు. "నీ బిడ్డ కోసం చేసిందట. దీని జడకు కట్టు," అన్నాడు.

నాయనమ్మ భగ్గుమన్నది. "పోయిన పిల్ల పేరున చేసింది బతికున్న పిల్లకు కట్టుమంటవా? మతి గిట్ల పోయిందా నీకు?"

"పొద్దుగాల మా నాయిన పేరున పెట్టిన దోతి నేను కట్టుకోలేదా? ఇగో, నా ఒంటి మీదనే ఉన్నది. గా దోతి ఆయనకు ముట్టితే గీ కుచ్చులు దానికెందుకు ముట్టవే?"

నాయనమ్మ ఆ దోతి వైపు చూసింది. చివరికి నాయనమ్మ నన్ను తన మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకొని జడ అల్లింది. కుచ్చులు కట్టడం అయ్యాక, ఇన్నాళ్లూ నోట రాని కూతురి పేరు ఒక్కసారి పలికి, బావురుమన్నది. వాకిట్లో అందరం ఏడ్చాం. ఏడ్చి, లేచి, బతుకమ్మ పేర్చాం.

ఆ సాయంత్రం ఆడుతుంటే అడుగడుగుకూ కుచ్చులు వీపుకు తాకాయి. ఎవరో వెనక నుంచి తడుతున్నట్టే అనిపించింది. భయం పోలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఆ చేయి ఎవరిదో ఇప్పుడు తెలుసు కదా! మర్నాడు తాతయ్య రాట్నానికి దారం ఎక్కించి నన్ను ఆ పీట మీద కూర్చోబెట్టాడు. నేను చుట్టిన మొదటి కండె వంకరటింకరగా వచ్చింది. అయినా దాంతోనే నేశాడు.

ఇప్పుడు ఆ మగ్గం లేదు, రాట్నం లేదు, వాళ్లెవరూ లేరు. సిద్దిపేటలోనే కొడుకు కట్టిన మేడ ఇంట్లో ఉంటున్నాను. నా జడ ఎలుకతోకంత అయింది. అయినా పెత్రమాస నాడు ఎర్రకుచ్చులు అల్లి కట్టుకుంటాను. కోడలు నవ్వుతుంది, నవ్వనీ. అమావాస్య మధ్యాహ్నాల్లో ఇల్లు సద్దుమణిగితే నాకు రాట్నం వినిపిస్తుంది. పక్క గదిలోనే అన్నంత దగ్గరగా.

మొన్న పండుగకు అలా వింటూ, తలుపు వైపు వీపు పెట్టి కూర్చొని ఉన్నాను. వెనక పట్టీలు గల్లుమన్నాయి. "వచ్చినవా బిడ్డా?" అనేశాను. ఎవరిని అడిగానో నాకే తెలియదు, చిన్నత్తనో, తాతయ్యనో.

"నేనే నానమ్మా," అన్నది మా మనవరాలు. చేతిలో మెరుపు కాగితాల అట్ట ఉండి ఉంటుంది. నేను వెంటనే తిరగలేదు. తాతయ్యలాగే చేత్తో ముఖం గట్టిగా తుడుచుకున్నాను. దాని కోసమే ఎదురుచూస్తున్న ముఖం తెచ్చుకొని, అప్పుడు తిరిగాను.